సురభి నాటకం: తెర వెనక నిలబడి చూసినవాడి రివ్యూ

మా ఊరి హైస్కూలు గ్రౌండులో ఈమధ్య సురభి వాళ్లు క్యాంపు వేసి నాటకాలు ఆడారు. సురభి పేరు మీద ఇప్పటికీ నడుస్తున్న నాటక సమాజాల్లో, అంటే నాటకాలాడే బృందాల్లో, ఇదొకటి. నేను మైకులు, లైట్లు, జనరేటర్లు అద్దెకిస్తాను. పెళ్లిళ్లు, సభలు ఎలాగూ ఉంటాయి, కానీ నాకు ఇష్టమైన పని మాత్రం నాటక పరిషత్తులకు, అంటే నాటక పోటీలకు, వెయ్యడం. గుంటూరు, తెనాలి చుట్టుపక్కల పరిషత్తు ఎక్కడ జరిగినా ఏదో ఒక రోజు నా పెట్టెలు అక్కడ ఉంటాయి. ఈ క్యాంపుకి జనరేటరు నాదే. అద్దె మాట్లాడుకున్న ప్రకారం ఇచ్చేశారు. ఇది ముందే చెబితే నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో చదివేవాళ్లే చూసుకుంటారు.

జనరేటరు దగ్గర మనిషి ఉండాలి కాబట్టి రాత్రిళ్లు నేనే ఉన్నాను. కొన్ని ఆటలు వింగు పక్కన, అంటే స్టేజీకి పక్కన జనానికి కనపడని చోట, నిలబడి చూశాను, కొన్ని మా కుర్రాణ్ణి జనరేటరు దగ్గర పెట్టి, టికెట్టు కొనుక్కుని జనంలో కూర్చుని చూశాను. నాటకం బాగుందా అంటే బాగుంది, వెళ్లి చూడండి. నేను వివరంగా రాయాలనుకున్నది దాన్ని నడిపే మనుషుల గురించి. ఇన్నేళ్లుగా స్టేజీల పక్కన బతుకుతున్నాను, ఇలా పనిచేసే వాళ్లని ఇంకోచోట చూడలేదు.

మామూలుగా పరిషత్తుకి వచ్చే సమాజం అంటే ఒక వ్యాను, ఒక మేకప్ పెట్టె, నాలుగు సూట్‌కేసులు. సురభి వాళ్లు వస్తే థియేటరు కూడా వాళ్లతోనే వస్తుంది. లారీల్లోంచి రేకులు, సరుగుడు కర్రలు, ఇనప పైపులు, తాళ్లు, కప్పీలు, ట్రంకు పెట్టెలు, నాలుగు బారల పొడవున్న తెరల చుట్టలు దిగుతూనే ఉన్నాయి. ఊళ్లో పాత టౌన్ హాలు ఉండగా ఈ శ్రమంతా ఎందుకని సమాజం పెద్దాయన్ని అడిగాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆ హాలుకే తీసుకెళ్లాడు. స్టేజీ మధ్యలో నిలబడి, "పైకి చూడు నాయనా. తెర లేపితే ఎక్కడికి పోవాలి?" అన్నాడు.

నేను ఆ హాల్లో ఎన్నో ప్రోగ్రాములకి లైట్లు కట్టాను. ఆయన అడిగేదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు, ఎందుకంటే ఇప్పుడు మనం చూసే నాటకాల్లో తెర పక్కకి జరుగుతుంది, లేదా అసలు మారదు. ఒకే సెట్టు మీద మొత్తం నాటికంతా అయిపోతుంది. వీళ్లకి అలా కాదు. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర, ఉద్యానవనం తెర అన్నీ ఒకదాని వెనక ఒకటి వేలాడుతూ, తాడు లాగితే పైకి లేచి కనపడకుండా పోవాలి. అంటే స్టేజీ మీద తెర ఎంత ఎత్తుందో, దాని పైన అంత ఖాళీ ఉండాలి. ఇంకా నారదుడు దిగాలి, మబ్బులు కదలాలి, బాణాలు ఎగరాలి. వాటి తీగలకీ కప్పీలకీ బలమైన ఆధారం కావాలి. మన ఊళ్లలో ఈమధ్య కడుతున్న కళ్యాణ మండపాల్లాంటి హాళ్లలో పైన స్లాబు, దానికింద ఫాల్స్ సీలింగు, ఒక కొక్కెం కూడా ఉండదు. ఆడిటోరియం కట్టేవాళ్లు కుర్చీలు, ఏసీ గురించి ఆలోచిస్తారు గానీ స్టేజీ పైన ఏముండాలో నాటకం ఆడేవాణ్ణి పిలిచి అడగరు. ఈ మాట నేను మా వైపు పెద్దల దగ్గర చాలాసార్లు అన్నాను, ఇక్కడా అంటున్నాను.

కాబట్టి వాళ్ల థియేటరు వాళ్లే కట్టుకున్నారు. గుంతలు తవ్వినవాళ్లూ, కర్రలు పాతినవాళ్లూ, పైకెక్కి కప్పీలు బిగించినవాళ్లూ బయటి కూలీలు కారు. రేకులు మోయడానికి మాత్రం ఇక్కడి వాళ్లని కొందరిని పెట్టుకున్నారు. తాళ్ల పని దగ్గరికి వచ్చేసరికి ఎవర్నీ రానివ్వలేదు. నేను నా కేబుళ్లు లాగుతూ చూస్తుంటే, ఒక నడివయసాయన ప్రతి తాడూ చేతిలోకి తీసుకుని, బారెడు బారెడుగా వేళ్ల మధ్య జార్చుకుంటూ, ఎక్కడైనా పోగు లేచిందా అని తడిమి చూస్తున్నాడు. రెండు తాళ్లు పక్కన పడేశాడు. నా కంటికి అవి బాగానే ఉన్నాయి. అడిగితే, "దీని మీద మా అన్న కొడుకు వేలాడతాడు" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు, తర్వాతి తాడు అందుకున్నాడు.

ఆ ఒక్క మాటలో వాళ్ల వ్యవస్థంతా ఉంది. తాడు లాగేవాడికీ తాడు మీద వేలాడేవాడికీ చుట్టరికం. సమాజంలో ఎవర్ని కదిపినా పిన్ని, బాబాయి, మేనత్త, వదిన. ఇది 1885 నుంచీ ఇలాగే నడుస్తోంది. కడప జిల్లాలో సురభి అనే పల్లెలో వనారస గోవిందరావు గారి కుటుంబం ఆ ఏడు కీచకవధ ఆడింది. అదే మొదలు, ఆ ఊరి పేరే సమాజానికి పేరైంది. అంతకుముందు వాళ్లు తోలుబొమ్మలాట ఆడేవాళ్లు, పూర్వీకులు మరాఠా ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు. పిల్లలు పెరిగి, పెళ్లిళ్లై, కుటుంబం పెద్దదైన కొద్దీ సమాజాలూ విడివడ్డాయి. ఒక దశలో ముప్పైకి పైగా సురభి సమాజాలు తెలుగునాట ఊరూరా తిరిగాయి. సినిమా వచ్చాక తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. వాటిలో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 1937లో మొదలైంది. దాన్ని నడిపిన రేకందర్ నాగేశ్వరరావు గారిని అందరూ బాబ్జీ అనేవాళ్లు. ఆయనకి 2013లో పద్మశ్రీ ఇచ్చారు, 2022లో పోయారు.

తోలుబొమ్మల సంగతి వింగు పక్కన నిలబడితే బాగా అర్థమవుతుంది. బొమ్మలాటలో ఆడించేవాడు తెర వెనక ఉంటాడు, వాడి చేతులు ఎవరికీ కనపడవు. ఈ కుటుంబం నూటముప్పై ఏళ్లకు పైగా తామే వేషాలు కట్టి ముందుకొచ్చి ఆడుతున్నా, వెనక చేతుల పని మాత్రం వదల్లేదు. నాటకం జరుగుతున్నంతసేపూ స్టేజీ మీద ఐదుగురుంటే వెనక పదిమంది కదులుతూ ఉంటారు. చీకట్లో ఒకరికొకరు తగలరు, ఒకరినొకరు పిలుచుకోరు. నేను పనిచేసే చోట్ల సీను మారేటప్పుడు వినపడే "ఏయ్ లైటాపు, తెరేయ్ తెరేయ్" అన్న కేకలు ఇక్కడ ఒక్కటి కూడా వినపడలేదు.

మాయాబజార్ రాత్రి నేను ఎడమ వింగులో ఉన్నాను. శశిరేఖ వేసిన అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. తోటలో సీను అయింది, తెర పడింది. ఆ అమ్మాయి లోపలికొచ్చి, కొంగు నడుముకి చుట్టి, పక్కనే ఉన్న తాడు అందుకుంది. అవతల సీనులో మబ్బు కదలాలి. ఆ మబ్బు తాడు ఆమె పని. నగలు గలగలమంటాయని మోచేతి దాకా ఉన్న గాజుల మీద ఒక గుడ్డ చుట్టుకుంది. ఒక చేత్తో తాడు వదులుతూ, ఇంకో చేత్తో నిద్రకళ్లతో వచ్చి కాళ్లకి చుట్టుకున్న పిల్లాణ్ణి పక్కకి జరిపింది. ఆ పిల్లాడు ఏడవలేదు. వాడికీ తెలుసు, ఇప్పుడు ఏడవకూడదని. ఇంకాసేపటికి వాడే రాక్షస పిల్లల గుంపులో మొహానికి నలుపు పూసుకుని గెంతుతూ కనిపించాడు.

ఘటోత్కచుడు శశిరేఖని మంచంతో సహా ఎత్తుకుపోయే సీను కోసం జనం ఎదురుచూస్తారు. బయటినుంచి చూస్తే మంచం గాల్లోకి లేచి వెళ్లిపోతుంది, పిల్లలు లేచి నిలబడతారు. లోపల్నుంచి చూస్తే నలుగురు మగవాళ్లు, ఒక పెద్ద వయసావిడ ఊపిరి బిగబట్టి లాగుతుంటారు. లాగే వేగం ఒకటే ఉండాలి, ఏ చెయ్యి ముందు పడినా మంచం ఒరుగుతుంది. లెక్క చెప్పేది ఎవరో అని చూశాను. ఎవరూ చెప్పడం లేదు. వాళ్లంతా హార్మోనియం వింటున్నారు. ఏ స్వరం దగ్గర లేపాలో, ఏ స్వరం దగ్గర ఆపాలో పాటలోనే ఉంది. నేను డిమ్మరు (లైట్ల వెలుగు పెంచి తగ్గించే పెట్టె) దగ్గర కూర్చున్నప్పుడు స్క్రిప్టు కాగితం చూసుకుంటూ క్యూ వేస్తాను, అంటే ఏ మాటకి లైటు మారాలో ఆ మాటకి మారుస్తాను. వీళ్ల క్యూలన్నీ చెవిలోనే ఉన్నాయి.

బాణాల యుద్ధం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది అదే. అభిమన్యుడు ఇటు నుంచి, ఘటోత్కచుడు అటు నుంచి బాణాలు వేస్తే అవి మధ్యలో ఢీకొని మెరుపు వస్తుంది. సన్నటి తీగల మీద ఆ బాణాలు పరిగెడతాయి. అంతవరకు ఎవరైనా ఊహించగలరు. కష్టమంతా నటుడు విల్లు వదిలే క్షణం, వెనక మనిషి బాణం వదిలే క్షణం, లైటు పడే క్షణం కలవడంలో ఉంది. మూడింట్లో ఏది అర సెకను తప్పినా జనం నవ్వేస్తారు. నేను చూసిన ఆటల్లో ఒక్క బాణం కూడా దారి తప్పలేదు. లైట్ల మనిషిగా ఇది నాకు ఎంత పెద్ద విషయమో చెప్పలేను. రిమోట్లు, కంప్యూటర్ బోర్డులు ఉన్న ప్రోగ్రాముల్లోనే మాకు స్మోకు ఒక పాటకి బదులు ఇంకో పాటకి వచ్చేస్తుంది.

ఒక రాత్రి మధ్యలో కరెంటు పోయింది. శ్రీకృష్ణుడు పద్యం ఎత్తుకున్నాడు, రెండో పాదంలో ఉండగా అంతా చీకటి. జనరేటరు స్టార్టు చేసి చేంజోవరు తిప్పేదాకా కొంత టైము పడుతుంది. నేను పరుగెత్తుతూనే ఉన్నాను, వెనక పద్యం ఆగలేదు. మైకు లేదు, లైటు లేదు, హార్మోనియం ఆయన శ్రుతి పట్టుకునే ఉన్నాడు, ఆ నటుడు గొంతు పెంచి మూడో పాదం, నాలుగో పాదం పూర్తిచేసి రాగం తీస్తున్నాడు. గ్రౌండు చివర జనరేటరు దగ్గర ఉన్న నాకు ఒక్కొక్క అక్షరం విడివిడిగా వినపడింది. లైట్లు వచ్చేసరికి ఆయన చీకటి పడ్డప్పుడు ఎక్కడున్నాడో అక్కడే, చెయ్యి అదే భంగిమలో ఉంచి నిలబడి ఉన్నాడు. జనం చప్పట్లు ఆపలేదు. వన్స్‌మోర్ అన్నారు. ఆయన మళ్లీ పాడాడు.

మైకు లేనప్పుడు నాటకం ఎలా ఉండేదో మా నాన్న చెప్పేవాడు. పెట్రోమాక్సు లైట్ల కింద రాత్రంతా ఆడేవాళ్లట, ఆఖరి వరసలో కూర్చున్నవాడికి వినపడని గొంతుకి వేషం ఇచ్చేవాళ్లు కాదట. ఆ తయారీ సురభి వాళ్లలో ఇంకా ఉంది. పగలు వాళ్ల డేరాల మధ్యకి వెళితే ఏదో ఒక మూల సాధన వినపడుతూనే ఉంటుంది. పెద్దావిడ ఒకామె బియ్యం ఏరుతూ మనవరాలి చేత పద్యం చెప్పిస్తోంది. పిల్ల ఒక చోట ఊపిరి తెంచింది. పెద్దావిడ చేటలోంచి తల ఎత్తకుండానే "అక్కడ కాదు, ఆ సమాసం అయ్యాక తీసుకో" అంది. పిల్ల మళ్లీ మొదట్నుంచీ ఎత్తుకుంది. ఆ సమాసానికి అర్థం ఏమిటో కూడా పెద్దావిడ విడమర్చి చెప్పింది. మా ఊరి తెలుగు మాస్టార్లు వెళ్లి ఆ పాఠం ఒకసారి వినాలి అనిపించింది.

ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. తెలుగు నాటకంలో చాలాకాలం ఆడవేషాలు మగవాళ్లే కట్టారు. మా వైపు బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా ఎంత పేరు తెచ్చుకున్నారో పెద్దవాళ్లకి తెలుసు, 1956లోనే పద్మశ్రీ వచ్చింది ఆయనకి. మిగతా సమాజాలు అలా నడుస్తున్న రోజుల్లోనే సురభి వాళ్లు తమ ఇంటి ఆడపిల్లల్ని స్టేజీ ఎక్కించారు. అప్పుడు అది చిన్న ధైర్యం కాదు. మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి ఈ కుటుంబం నుంచే వెళ్లారు. ఇప్పుడు ఈ క్యాంపులో నేను చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, సగానికి సగం నిర్వహణ ఆడవాళ్లదే. డ్రెస్సుల పెట్టెలకి తాళాలు వాళ్ల దగ్గరే. కుట్టుమిషను రోజంతా నడుస్తూనే ఉంటుంది. కిరీటాలకి, భుజకీర్తులకి ఊడిన అద్దాలు అంటించడం, జరీ కుట్టడం, ఎవరి వేషానికి ఏ పెట్టె అన్నది నోటిలెక్కగా చెప్పడం, టికెట్ల కౌంటరు, అన్నీ వాళ్లే.

టికెట్ల దగ్గర కూర్చునే ఆవిడ మాట మెత్తన, లెక్క గట్టి. మా ఊరి పెద్దమనిషి ఒకాయన కుటుంబంతో కారు దిగి పాసులు అడిగాడు. ఆవిడ లేచి నిలబడి నమస్కారం పెట్టి, "బాబుగారూ, మా పిల్లల బడి ఫీజు కూడా ఈ డబ్బాలోంచే కడతామండి. మీరు కొంటే మీ వెనక పదిమంది కొంటారు" అంది. ఆయన కొన్నాడు. నిజంగానే వెనక నిలబడ్డవాళ్లూ కొన్నారు. నాటకం అనగానే పాసు అడగడం మన ఊళ్లలో పెద్ద జబ్బు. సినిమాకి వందలు పోసి టికెట్టు కొని, లోపల పాప్‌కార్నుకి ఇంకా పోసి వచ్చేవాడు కూడా నాటకానికి మాత్రం ఫ్రీగా పిలవాలనుకుంటాడు. పరిషత్తులన్నీ చందాల మీద ఫ్రీగా నడిపి ఆ అలవాటు కొంత మనమే చేశాం. సురభి వాళ్లు అలా చెయ్యలేరు, నాటకమే వాళ్ల జీవనం. ఇక్కడ టికెట్టు సినిమా టికెట్టు కంటే తక్కువే పెట్టారు. దయచేసి కొనుక్కుని చూడండి.

ఇక బాగాలేనివి. కీబోర్డు సౌండు ఎక్కువ పెట్టారు. హార్మోనియం, తబలా ఉన్న చోట కీబోర్డు పక్కన ఉండాలి, ముందుకి రాకూడదు. పద్యం రాగంలోకి వెళ్లినప్పుడు కీబోర్డు స్వరాలు లాగుతుంటే గొంతులోని గమకం మునిగిపోతోంది. ఈ మాట మిక్సరు దగ్గర కుర్రాడికి చెప్పాను. "జనం అలా అయితేనే వింటున్నారు అన్నా" అన్నాడు. నేను ఒప్పుకోను. కరెంటు పోయిన రాత్రి వన్స్‌మోర్ అడిగింది ఆ జనమే. రెండోది, మధ్యలో వచ్చే హాస్యం. లక్ష్మణకుమారుడి సీన్లు సగానికి తగ్గిస్తే బాగుంటుంది, వాటిలో ఇప్పటి సినిమా మాటలు దూర్చడం నాకు నచ్చలేదు. చదువు వచ్చినా రాకపోయినా అందరూ ఆనందించే మాటలు అసలు నాటకంలోనే ఉన్నాయి. మూడోది మా వైపు తప్పు: మా ఊళ్లో కుర్చీలు సరఫరా చేసినవాళ్లు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు సగం పంపారు. పెద్దవాళ్లు వెళ్లేటప్పుడు కుర్చీ కుదిపి చూసుకుని కూర్చోండి.

కొత్త నాటకాలు ఎందుకు వెయ్యరు, ఎప్పుడూ అవే పురాణాలా అని కొందరు అంటారు. వేశారు. బి.వి.కారంత్ లాంటి పెద్ద దర్శకుడు శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వాళ్లతో కూర్చుని భీష్మ, చండీప్రియ చేయించాడు. జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకం ఆధారంగా బస్తీ దేవత యాదమ్మ కూడా వాళ్లతో ఆడించాడు. ఆ తాళ్లు, తెరలు, పద్యం తెలిసిన గొంతులు ఏ కథకైనా పనికొస్తాయి. కానీ చిన్న ఊళ్లో క్యాంపు వేసినప్పుడు డబ్బా నిండేది మాయాబజార్‌తో, పాతాళభైరవితో. పెద్దాయన ఈ సంగతి దాపరికం లేకుండా చెప్పాడు. శని, ఆదివారాలు అవి ఆడతారు, వారం మధ్యలో తమకి ఇష్టమైనవి వేసుకుంటారు. వారం మధ్యలో ఒక రోజు లవకుశ వేశారు. కుర్చీల్లో మూడోవంతు కూడా నిండలేదు. భూమి చీలి సీత లోపలికి వెళ్లే సీను ఆదివారం ఆడినట్టే, ఒక్క లైటు తగ్గించకుండా, ఒక్క పద్యం కొయ్యకుండా ఆడారు. జనం తక్కువ వస్తే నాటకం కుదించేసే సమాజాల్ని నేను చూశాను, అందుకే ఆ రాత్రి వాళ్ల మీద నాకు గౌరవం రెట్టింపైంది.

మీ ఊళ్లో వాళ్ల క్యాంపు పడితే, వెళ్లబోయేవాళ్లకి కొన్ని మాటలు. మొదటిసారి చూసేవాళ్లు మాయాబజార్‌తో మొదలుపెట్టండి. పిల్లలుంటే పాతాళభైరవి, కాకపోతే మరీ చిన్నపిల్లలు మాంత్రికుణ్ణి చూసి జడుసుకుంటారు, పక్కన కూర్చోబెట్టుకోండి. పెద్దవాళ్లని బ్రహ్మంగారి చరిత్రకి తీసుకెళ్లండి, అది నిదానంగా నడుస్తుంది, వాళ్లకి అదే కావాలి. ముందు వరస టికెట్టు ఖరీదు ఎక్కువ గానీ ఈ నాటకానికి అది మంచి చోటు కాదు. అక్కణ్ణుంచి తీగలు కనపడతాయి. మధ్య వరసల్లో, స్టేజీకి సరిగ్గా ఎదురుగా కూర్చోండి. పక్కకి కూర్చుంటే వింగుల్లో నిలబడ్డవాళ్లు కనపడి కళ్లు అటు లాగుతాయి. టైముకి తెర లేస్తుంది, నిజంగానే లేస్తుంది, మన సభల లెక్కన అరగంట ఆలస్యంగా వెళితే ప్రార్థన పోగొట్టుకుంటారు. సమాజంలో ఆ రాత్రి ఉన్న అందరి గొంతులూ కలిసి వినపడేది అప్పుడే. ఫోన్లో వీడియో తియ్యొద్దని మొదటే చెబుతారు. ఫ్లాష్ అసలు వెయ్యకండి, తాడు మీద ఉన్న మనిషి కళ్లలో పడితే ప్రమాదం.

ఆట అయ్యాక లోపలికి వెళ్లి చూస్తామంటే మర్యాదగా అడగండి, కాస్త ఆగమని చెప్పి చూపిస్తారు. మేకప్ తీసేలోపే ఫొటోల కోసం మీద పడకండి. ఆటయ్యేదాకా వాళ్లెవరూ అన్నం తినరు. తెరలు చుట్టి, డ్రెస్సులు ఆరేసి, సామాను సర్ది, అర్ధరాత్రి దాటాక అందరూ ఒకే చోట కూర్చుని తింటారు. నన్నూ కూర్చోబెట్టారు. భీముడు వేసినాయన వడ్డించాడు.

స్కూళ్లు నడిపేవాళ్లకి, ఊళ్లో లయన్స్, రోటరీ లాంటి క్లబ్బుల వాళ్లకి ఒక విన్నపం. సన్మానం చేసి శాలువా కప్పాలని చాలామంది వచ్చారు, వాళ్లూ కాదనకుండా కప్పించుకున్నారు. అంతకంటే పనికొచ్చేది వారం మధ్యలో ఒక ఆట మొత్తం టికెట్లు కొని పిల్లల్ని పంపడం. మంగళ, బుధవారాల్లో ఆట నిండితే క్యాంపు ఇంకో వారం ఉంటుంది, లేకపోతే గ్రౌండు అద్దె, కరెంటు బిల్లు చూసుకుని ముందే ఎత్తేస్తారు. రెండు రోజుల ముందు కౌంటరు దగ్గర ఆవిడకి చెబితే చాలు, పిల్లలకి తగ్గించి ఇస్తారు, పగటి ఆట కావాలన్నా వేస్తారు. పగలైతే లోపల చీకటి చెయ్యడానికి నల్లగుడ్డలు కావాలి, అవి నా దగ్గర ఉన్నాయి. దానికి నేను అద్దె తీసుకోను.